కూత సారు పోయిన రోజు

నెత్తి మీద విమానం పోతుంటే మా పాల్మాకుల జనం ఇంకా పని ఆపి తలెత్తి చూస్తుండే రోజులవి. ఇప్పుడెవరూ చూడటం లేదు. నేనైతే అసలే చూడను, ఎందుకంటే నెలకు మూడు నాలుగుసార్లు ఆ విమానాల్లోనే కూర్చుని, మ్యాచ్ ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి, మెడలో కార్డు, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, టీవీలో ఆట గురించి గంటల తరబడి మాట్లాడి వస్తుంటాను. "ఉత్తగ మాట్లాడితేనే జీతమిస్తరా?" అని మా ఊరి పెద్దాయన ఒకరు ఆశ్చర్యపోయి, ఇస్తారని చెప్పగానే, "జర మా ఇంటామెకు చెప్పకు" అని బతిమాలాడు. అప్పుడప్పుడు కుర్రవాళ్ళు వచ్చి, అన్నా, కామెంటేటర్ కావాలంటే ఏం చేయాలని అడుగుతారు. సాధన చేయాలి, ఆటను ప్రేమించాలి అని గంభీరంగా చెప్పి పంపిస్తాను. నిజం చెబితే పరువు దక్కదు. నిజమేమిటంటే, నేను ఈ ఉద్యోగంలో నిలబడింది ఒక బతికున్న మనిషిని టీవీలో చంపేసి, గంటన్నర తర్వాత మళ్ళీ బతికించడం వల్ల.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. నగరంలో ఒక చిన్న తెలుగు వార్తా చానెల్లో, ఆటల విభాగంలో, ఆరు నెలలు చూస్తామని తీసుకున్నారు. (విభాగమంటే మరీ ఎక్కువ ఊహించుకోకండి. ఒక బల్ల, రెండు కుర్చీలు. అందులో ఒక కుర్చీ వాతావరణ వార్తల వాళ్ళది.) ఆరు నెలల తర్వాత పనికొస్తాననుకుంటే ఉంచుకుంటారు, కబడ్డీ పోటీలకు కామెంటరీ కూడా చెప్పనిస్తారు. లేదంటే ఇంటికి. ఇంటి దగ్గర మా బాపు నా కోసం ఇంకో దారి చూసిపెట్టాడు. ఎయిర్‌పోర్టు పక్కన లేచిన గోదాముల్లో మా మేనమామకు తెలిసినవాళ్ళున్నారు. "నోటితోని బతుకుడు ఎన్నొద్దులు నడుస్తదిరా? ఆరు నెల్లు జూస్త. ఆనక గోదాంల జేరాలె. ఇగ మాటల్లేవ్" అని తేల్చేశాడు. కానీ నాకు చిన్నప్పటి నుంచి మాటలే కదా పిచ్చి! బడి వెనక అందరూ కబడ్డీ ఆడుతుంటే నేను ఆడేవాణ్ణి కాదు (ఆడిన రోజున మొదటి పట్టుకే దొరికిపోయేవాణ్ణి). గట్టు మీద నిలబడి ఎవడు దూకాడో, ఎవడు కాలు పట్టాడో కేకలేసి చెప్పేవాణ్ణి. చూపు సరిగా ఆనని ఒక ముసలి తాత బర్రెలను మేతకు వదిలి, నా కేకలు వింటూ ఆట చూసేవాడు. నా మొదటి ప్రేక్షకుడు ఆయనే. అంతకన్నా శ్రద్ధగా నా కామెంటరీ విన్నవాళ్ళు ఇప్పటికీ తగల్లేదు.

చానెల్లో మా డెస్కు పెద్దను మేము 'వ్యాకరణం సార్' అనేవాళ్ళం, ఆయన గదిలో లేనప్పుడు. గోదావరి జిల్లా మనిషి. జేబులో ఎర్ర పెన్ను, మొహంలో విచారం. నేను రాసిన కాగితం చేతికిచ్చానంటే ఎర్రగా పండి తిరిగొచ్చేది. "నాయనా, నీ గొంతు బంగారం. ఆ గొంతులోంచి వచ్చేదే నా ప్రాణానికొచ్చింది. వచ్చిండు, చెప్పిండు... టీవీలో పెద్దవాళ్ళను అలాగేనా అనడం?" అనేవారు. ఆ రోజుల్లో మా మాట టీవీలో వినిపించాలంటే నవ్వించేవాడి నోట్లోంచో, తన్నేవాడి నోట్లోంచో వినిపించాల్సిందే. వార్త చదివే నోటికి అది తగదని అందరూ అనుకునేవాళ్ళు. నేనూ అనుకునేవాణ్ణి, అదే ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. నా అవస్థ చూడలేక వ్యాకరణం సార్ ఒకరోజు తేలిక మార్గం చెప్పారు. "ఒక్కటే సూత్రం. మాట చివర 'ఇండు' కనబడిందా, తీసేయ్. 'ఆరు' పెట్టేయ్. కళ్ళు మూసుకుని పెట్టేయ్." వచ్చిండు, వచ్చారు. చెప్పిండు, చెప్పారు. కొట్టిండు, కొట్టారు. ఎంత సులువు! పాల్మాకుల నుంచి నగరానికి పోయే బస్సులో కనబడిన ప్రతి మగమనిషికీ ఇండు తీసి ఆరు పెట్టుకుంటూ పోయేవాణ్ణి. ఇంట్లో అలవాటు కోసం మా తమ్ముణ్ణి "ఎప్పుడు వచ్చారు? అన్నం తిన్నారా?" అని అడిగితే, వాడు బెదిరిపోయి, అన్నకు ఏదో సోకిందని అమ్మకు చెప్పాడు.

ఆరు నెలలకు ఇంకా నాలుగు రోజులుందనగా ఆ కబురు వచ్చింది. కందుకూరు చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లల కబడ్డీ జట్టు ఎక్కడో ఉత్తరాదిన పెద్ద పోటీల్లో గెలిచింది. ఆ పిల్లలను తయారు చేసింది బడిలో ఆటల పంతులుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన. కబడ్డీలో ఊపిరి బిగబట్టి అవతలి గడిలోకి దూకుతూ 'కబడ్డీ కబడ్డీ' అనడాన్ని కూత అంటారు కదా, వయసులో ఉండగా ఈయన కూత పెడితే శ్రీశైలం రోడ్డు మీద లారీలు పక్కకు జరిగేవట. అందుకని 'కూత సారు'. పిల్లలు ఆడేది గులకరాళ్ళ మొరం నేల మీద. మోచేతులు, మోకాళ్ళు చీరుకుపోని పిల్ల జట్టులో లేదు. మెత్తటి మ్యాట్ ఒకటి ఇప్పించమని ఆయన తొమ్మిదేళ్ళుగా కబడ్డీ సంఘం అధ్యక్షుడి గుమ్మం ముందు నిలబడుతున్నాడు. అధ్యక్షుడు తొమ్మిదేళ్ళుగా "చూద్దాం" అంటున్నాడు. గెలిచిన పిల్లలను, సారును ఎవరో దాత విమానంలో పంపిస్తున్నారని తెలిసి వ్యాకరణం సార్ నన్ను పిలిచారు. "శంషాబాద్ మీ ఊరి పక్కనే కదా. ఎయిర్‌పోర్టు నుంచి లైవ్ నువ్వే ఇవ్వు. ఇదే నీ పరీక్ష అనుకో" అన్నారు. బాపుకు ఫోన్ చేసి టీవీ పెట్టుకొమ్మన్నాను. బాపు ఊరందరికీ చెప్పాడు.

నాకు తోడు వచ్చిన కెమెరామన్‌ను అందరూ 'చిచ్చా' అంటారు. పాతబస్తీ మనిషి. భూకంపం వచ్చినా ముందు చాయ్ తాగి కదిలే రకం. మేము వెళ్ళేసరికి బయటి గేటు దగ్గర పండగలా ఉంది. సారు బావమరిది ఒక డప్పుల బృందాన్ని, గంపెడు బంతిపూల దండలను వెంట తెచ్చాడు. సారు బయటికొచ్చాడు. మొదటిసారి విమానమెక్కి, అన్ని గంటలు కాళ్ళు ముడుచుకుని కూర్చోవడంతో మోకాళ్ళు పట్టేశాయి. దండల మీద దండలు పడుతున్నాయి, డప్పులు మోగుతున్నాయి, స్టూడియో వాళ్ళు మాత్రం ఎవరో మంత్రిగారి సమావేశం చూపిస్తూ "ఐదు నిమిషాలు, ఐదు నిమిషాలు" అని నా చెవిలో చెబుతూనే ఉన్నారు. అరగంట నిలబడి సారు విసిగిపోయాడు. "ఇగ నాతోని కాదు బిడ్డా. నన్ను ఇడిచిపెట్టుర్రి. ఇంటికాడ మా ఆమె జొన్నరొట్టెలు జేసి కూసున్నది" అన్నాడు. నడవలేకపోతుంటే నలుగురు పట్టుకుని ఎత్తి, బావమరిది తెచ్చిన తెల్ల బండిలో కూర్చోబెట్టారు. బండి కందుకూరు దారి పట్టింది. అది మలుపు తిరిగి కనుమరుగైన పది నిమిషాలకు నా చెవిలో మా యాంకరమ్మ గొంతు వినబడింది. బెజవాడ అమ్మాయి, ముత్యాల్లాంటి తెలుగు. నేను వెన్ను నిటారుగా పెట్టాను. ఇండు తీయాలి, ఆరు పెట్టాలి.

"కోచ్ గారు ప్రస్తుతం మీతో ఉన్నారా?" అని అడిగింది. "లేరు మేడమ్. కోచ్ గారు పోయారు" అన్నాను, స్పష్టంగా, గౌరవంగా. "పోయారా! ఎప్పుడు?" అంది. "ఇప్పుడే మేడమ్, పది నిమిషాలైంది. నా కళ్ళ ముందే పోయారు." "అయ్యో... అసలు ఎలా?" అని ఆమె ఇంకేదో అడిగింది కానీ నెత్తి మీద ఒక విమానం లేస్తోంది, ఎలా అన్న మాటే అందింది. ఎలా పోయారంటే చెప్పాలి కదా! "విమానం దిగినప్పటి నుంచే కాళ్ళు సహకరించలేదు మేడమ్. నలుగురు పట్టుకుని ఎత్తి తెల్ల బండిలో పెట్టారు. మెడలో దండలు కూడా తీయలేదు. అలాగే పోయారు." "చివరిగా ఏమైనా అన్నారా?" "'ఇగ నాతోని కాదు, నన్ను ఇడిచిపెట్టుర్రి' అన్నారు మేడమ్." డప్పుల వాళ్ళు ఇంకా ఆపలేదు. ఇంతలో నా వెనక జట్టు కెప్టెన్ గొల్లుమంది. ఆ పిల్ల బ్యాగు విమానంలోంచి రాలేదట, మెడల్ అందులోనే ఉందట. మిగతా పిల్లలు ఆమెను పట్టుకుని ఏడుస్తున్నారు. "మీ వెనకాల క్రీడాకారిణులు కన్నీరుమున్నీరవడం చూస్తున్నాం" అంది యాంకరమ్మ వణికే గొంతుతో. నేను వెనక్కి తిరిగి చూసి, తల ఆడించి, "అవును మేడమ్, చాలా బాధలో ఉన్నారు. పోయింది మళ్ళీ దొరుకుతుందా చెప్పండి!" అన్నాను. ఒక బ్యాగు కోసం ఇంత కరిగిపోతోంది, ఎంత మెత్తని మనసో అనుకుని, మైకు చిచ్చాకు ఇచ్చేశాను. నోట్లోంచి ఒక్క 'ఇండు' జారలేదు. ఉద్యోగం ఖాయం.

ఆ సంతోషంలో చిచ్చాకు శంషాబాద్ బస్టాండు దగ్గరి హోటల్లో చాయ్ తాగిస్తానన్నాను. బిస్కెట్టు చాయ్‌లో ముంచి పైకెత్తేసరికి గోడ మీది టీవీలో మా చానెల్. ఎర్ర పట్టీ మీద తెల్లటి అక్షరాలు: 'కబడ్డీ కోచ్ కన్నుమూత'. పక్కన కూత సారు ఫొటో, దానికి ఒక బొమ్మ దండ. బిస్కెట్టు తెగి చాయ్‌లో పడిపోయింది. "చిచ్చా! కూత సారు సచ్చిపోయిండట!" అని అరిచాను. చిచ్చా టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "అరె అల్లా! ఇప్పుడే గద మన ముంగటనే బండెక్కిండు! తొవ్వల ఏమయిందో!" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజంగానే ఏడ్చాను, సిగ్గెందుకు. ఎంత మంచి మనిషి, రొట్టెలు తింటానని పోతూ పోతూ... అని హోటల్ ఆయనకు చెబుతున్నాను. ఆయన పక్కనున్నవాళ్ళకు చెబుతున్నాడు. అప్పుడు టీవీలో యాంకరమ్మ, "ఈ విషాద వార్తను ఎయిర్‌పోర్టు నుంచి అందించిన మా ప్రతినిధి..." అంటుండగా తెర మీద ఒక మొహం వచ్చింది. అరువు కోటు, తడి జుట్టు. నా మొహమే.

ఒక్కసారిగా అంతా అర్థమైంది. మేము మనిషి ఊరికి పోయినా పోయిండు అంటాం, పొలానికి పోయినా పోయిండు అంటాం. చనిపోతే కాలం చేసిండు అంటాం. పోయిండు అన్నా ముందు వెనకల మాట పట్టుకుని పోల్చుకుంటాం. బెజవాడ అమ్మాయికి మనిషి ఇంటికి వెళితే 'వెళ్ళారు', 'పోయారు' అంటే ఒక్కటే పోవడం. ఫోన్ మోగింది. వ్యాకరణం సార్! "శభాష్ నాయనా! ఏ చానెల్‌కీ లేదీ వార్త. అందరూ మనల్ని చూసి వేసుకుంటున్నారు" అన్నారు. "సార్... కూత సారు ఇంటికి పోయారు సార్." "తెలుసయ్యా. పార్థివదేహాన్ని ఇంటికే కదా తీసుకెళతారు." "దేహం కాదు సార్, మనిషే పోయారు. కూర్చుని పోయారు. జొన్నరొట్టెలు తినడానికి పోయారు." "పోయారు అంటే...?" అన్నారు. "పోయిండు సార్. ఇండు తీసి ఆరు పెట్టిన" అన్నాను. అటు ఏదో కింద పడిన చప్పుడైంది, ఎర్ర పెన్ను కావచ్చు. తర్వాత ఆయన మెల్లగా చెప్పారు. "ఇప్పుడు నువ్వు బతికున్నారన్నా నేనెలా నమ్మాలి? మీ వైపు దానికి ఏమర్థమో! ఆయన్ను కెమెరా ముందు కూర్చోబెట్టి మాట్లాడించు. అప్పుడే పట్టీ తీస్తాను. తొందరగా చేయకపోతే నీ ఉద్యోగం పోయినట్టే. ఈ పోవడం ఏ పోవడమో తెలిసిందా?" తెలిసింది.

చిచ్చా తన జీవితంలో మొదటిసారి చాయ్ వదిలేసి లేచాడు. లైవ్ వ్యాను కందుకూరు దారిలో ఎగిరెగిరి పడుతోంది. దారి పొడవునా బాపు నుంచి ఫోన్లు. "ఎట్ల పోయిండు బిడ్డా పాపం?" అని ఊరందరి తరఫున అడుగుతున్నాడు. ఏం చెప్పను? సారు ఇంటి ముందు జనం మూగి ఉన్నారు, ఎవరో షామియానా గుంజలు దింపుతున్నారు. చెప్పులు విడిచి లోపలికి తొంగిచూశాను. కూత సారు మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, జొన్నరొట్టె తుంచి పచ్చిపులుసులో అద్దుకుంటూ, టీవీలో తన చావును తానే చూస్తున్నాడు. పక్కన ఆయన ఇంటామె. నేను ఆమె కాళ్ళ మీద పడబోయాను. "లే బిడ్డా, పరేషాన్ గాకు" అని ఆమె నవ్వింది. టీవీలో చూడగానే బండిలో ఉన్న తన తమ్ముడి ఫోన్‌కు చేసి, మొగుడి చేతికిమ్మని, "ఏందయ్యా, నువ్వు పోయినవంట గద!" అని అడిగిందట. ఆయన, "ఆఁ పోయిన. తుక్కుగూడ దాటిన. రొట్టెలు కాలుస్తనే ఉన్నవా?" అన్నాడట. చచ్చినవాడు రొట్టెలు అడగడు కదా అని ఆమె ఇంకో నాలుగు కాల్చింది. బండి పెరటి వైపు ఆగిందట, బయటి జనానికి ఆ సంగతే తెలియదు.

"సార్, జర కెమెరా ముంగటికి రార్రి. నా నౌకరి పోతది" అని చేతులు జోడించాను. ఆయన చూపు టీవీ మీంచి తిప్పలేదు. "జరాగు బిడ్డా. ఇంకిద్దరు మాట్లాడాలె" అన్నాడు. తెరమీద ఎవరెవరో ఫోన్లలో ఆయన్ను పొగుడుతున్నారు. "సూడు, సూడు! నన్ను దేవుడంటున్నడు వీడు. బతికున్నప్పుడు దండం గూడ పెట్టకపోతుండె." నా ఫోన్ మోగుతోంది, వ్యాకరణం సార్. తీయకపోతే మళ్ళీ మోగుతోంది. ఇంకోసారి బతిమాలాను. అప్పుడాయన నా వైపు తిరిగి, నవ్వు లేకుండా అన్నాడు. "ఇప్పుడు ఫోన్ల కొస్తడు అధ్యక్షుడు. తొమ్మిదేండ్లాయె ఆయన ఇంటి సుట్టు తిరగవట్టి. పిల్లల మోకాళ్ళు సూశినవా ఎన్నడన్న? ఇయ్యాల నేను సచ్చిన కాబట్టి ఏదో ఒకటి అంటడు. అననియ్యి." ఎయిర్‌పోర్టులో ఏడుస్తున్న ఆ పిల్ల మోచేతులు గుర్తొచ్చాయి. పాత గాయాలు, వాటి మీద కొత్తవి. ఫోన్ మళ్ళీ మోగింది. నేను దాన్ని నొక్కి ఆపేసి జేబులో పెట్టుకున్నాను. ధైర్యమని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. గోదాం తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు చెవుల్లో వినిపిస్తూనే ఉంది.

టీవీలో అధ్యక్షుడు ఫోన్లోకి వచ్చాడు. గద్గద స్వరం. "ఆయన నాకు సొంత అన్న లెక్క. ఆయన కోరిక ఒక్కటే, ఆ ఆడబిడ్డలకు మ్యాట్. అది నేను తీరుస్తా. నెల తిరగకముందే వేయిస్తా. ఇది ఆయన ఆత్మకు నేనిస్తున్న మాట" అన్నాడు. కూత సారు పళ్ళెం కింద పెట్టాడు. చెయ్యి కడుక్కున్నాడు. కండువా భుజాన వేసుకుని, "ఇగ పట్టు నీ మైకు" అన్నాడు. చిచ్చా అప్పటికే కెమెరా ఎత్తాడు. స్టూడియోలో ఎవరో కెవ్వుమన్నారు. యాంకరమ్మ "మీరు... అసలేం జరిగింది?" అని నన్నే అడిగింది. ఇండు తీయాలి, ఆరు పెట్టాలి. ఏది తీయాలో, ఏది పెట్టాలో ఒక్కటీ గుర్తు రాలేదు. "మేడమ్, సారు సావలే. ఇంటికి పోయిండు. మా దిక్కు పోవుడంటే పోవుడే. తప్పు నాదే, సారుదేం లేదు" అన్నాను. సారు నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. "అధ్యక్షా, దండాలు. నేను ఆ ఆత్మనే మాట్లాడుతున్న. మీ మాట నాకు ముట్టింది. మ్యాట్ ఏనాటికొస్తదో జర తారీకు జెప్పుర్రి, రాసుకుంట." అధ్యక్షుడు ఇంకా లైన్లోనే ఉన్నాడు. దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. రాష్ట్రమంతా వింటుండగా, "వచ్చే ఆదివారం" అన్నాడు. బయట షామియానా దగ్గరి జనం ఈలలు వేశారు.

ఆ రాత్రి ఇంటికి పోతే అమ్మ అన్నం పెట్టింది. తిని చెయ్యి కడుక్కుంటుంటే బాపు దగ్గరికొచ్చాడు. "ఇన్ని దినాల సంది టీవీల నువ్వు మాట్లాడుతుంటే ఎవడో పరాయోడు మాట్లాడినట్లుండె. ఇయ్యాల మా పోరడు మాట్లాడిండు" అని, తువ్వాలు అందించి, "నౌకరి పోతే పోనీ. గోదాం ఎటూ పోదు" అన్నాడు. మా బాపు నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి, అది కూడా నా ఉద్యోగం పోయిందని అనుకున్నాక.

మర్నాడు వ్యాకరణం సార్ గదిలో తలుపు దగ్గరే నిలబడ్డాను. బల్ల మీద నన్ను ఉంచుకోవాలో వద్దో తేల్చే ఆరు నెలల కాగితం ఉంది. "నిన్న పైవాళ్ళు నిన్ను పంపించెయ్యమన్నారు. ఆ సూత్రం నీకెవరు చెప్పారో వాళ్ళకు చెప్పావా?" అని అడిగారు. లేదన్నాను. "నేను చెప్పాను" అన్నారాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ. "కళ్ళు మూసుకుని పెట్టెయ్యమన్నది నేనే. నువ్వు మూసుకున్నావు. ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉప్పు తింటూ, ఈ ఊరి మాటకు అర్థం తెలుసుకోలేదు నేను." ఎర్ర పెన్ను తీశారు. కొట్టేస్తారనుకున్నాను. సంతకం పెట్టారు. తర్వాత ఒక తెల్ల కాగితం నా ముందుకు తోసి, "మీ వైపు మాటలు రాసివ్వు నాయనా. ఇంకెవర్నీ చంపకముందే నేర్చుకోవాలి" అన్నారు. ఆ సాయంత్రం నుంచి నేను ఆయనకు తొవ్వ అంటే దారి, అంగి అంటే చొక్కా, సోయి అంటే ధ్యాస అని నేర్పాను. ఆయన నాకు వాక్యం ఎక్కడ ఆపాలో నేర్పారు. ఇద్దరిలో నేనే మంచి విద్యార్థినని చెప్పలేను.

మ్యాట్ వచ్చే ఆదివారం రాలేదు, మరో ఐదు ఆదివారాలు పట్టింది. వచ్చాక దాని మీద ఆడిన మొదటి మ్యాచ్‌కు కామెంటరీ చెప్పింది నేనే. ఎలా చెప్పాలో తెలియక, గట్టు మీద కేకలు వేసినట్టే చెప్పాను. దూకిందీ, పట్టిందీ, గుంజిందీ అన్నాను. బాగుందన్నారు. అప్పటి నుంచి చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు నా మాటలో తప్పులు పట్టడం కష్టం. ఎక్కడ ఊరి మాట వేయాలో, ఎక్కడ పుస్తకం మాట వేయాలో, ఎక్కడ ఊరుకోవాలో తెలుసు. ఆఫీసులో కుర్రవాళ్ళు నా పుట్టినరోజుకు ఆ పాత వీడియో వేసి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ ఆ అరువు కోటు పోరణ్ణి చూస్తే లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. ఎంత నమ్మకంగా చెబుతున్నాడో, ఎంత తప్పుగా చెబుతున్నాడో!

పోయిన నెల కందుకూరు వెళ్ళాను. కూత సారుకు ఎనభై దాటాయి. మ్యాట్ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంటాడు, కూత పెట్టలేడు కానీ కేకలు బానే వేస్తాడు. ఆయన పక్కన చాలాసేపు కూర్చుని లేచి, గడియారం చూసుకుంటూ, "పోతున్న సార్, ఫ్లైటున్నది" అన్నాను. ఆయన చేతికర్రతో నా కాలి మీద ఒకటి వేశాడు. "పోతున్న అంటవేందిరా? ఇన్నేండ్లు మాట్లాడి బతుకుతున్నవ్, గిదన్న నేర్వలేదా? పోయొస్త అనాలె." మా దిక్కు గడప దాటేవాళ్ళెవరూ ఉత్త పోవడం పోరు, పోయి రావలసిందే. "పోయొస్త సార్" అన్నాను, బుద్ధిగా. ఆయన నా చెయ్యి పట్టుకుని ఇంకా వదల్లేదు. "ఆఁ, జల్ది రా. ఈసారి నేను పోయినప్పుడు గూడ టీవీల నువ్వే జెప్పాలె. నీకు అలవాటైన పనే గద" అన్నాడు, నవ్వుతూ.

గంటల తరబడి ఆగకుండా మాట్లాడి బతికే మనిషిని, ఆ మ్యాట్ పక్కన నాకు ఒక్క మాట దొరకలేదు. తల ఊపి వచ్చేశాను. ఆ ఇరవై మూడేళ్ళ పోరడైతే నాలాగా నిలబడిపోయేవాడు కాదు. తప్పో ఒప్పో, టక్కున ఏదో ఒకటి అనేసేవాడు.